సరుకుల చీటీలో బీపీ, కుర్చీలో షుగర్

నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తుంది? నెలకొకటి తెచ్చుకునే ఇళ్లు విశాఖలో తక్కువేం కాదు. ఆ కిలోను నలుగురికీ 30 రోజులకూ పంచితే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటుతుంది. చేపలు రుద్ది కడగడానికి కొంత పోయిందనుకున్నా, ఆవకాయ జాడీలోకి వెళ్లిన కల్లుప్పు ఈ లెక్కలోకి రాలేదు. కొన్న అప్పడాలు, మిక్చర్, బిస్కెట్లు, బయట తిన్న టిఫిన్ కూడా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు అన్నీ కలుపుకుని రోజుకు 5 గ్రాములు. అంటే ఆ ఇంటికి నెలకు 600 గ్రాములు చాలు. మిగిలిన 400 గ్రాములు ఎవరికీ ప్రత్యేకంగా రుచించకుండానే ఒంట్లోకి పోతున్నాయి.

నూనెకూ చక్కెరకూ ఇదే లెక్క వేయవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అంచనాలో, ఒళ్లు పెద్దగా కదలని పనుల్లో ఉన్నవారికి రోజుకు 20 నుంచి 25 గ్రాముల నూనె సరిపోతుంది. నలుగురికి నెలకు సుమారు మూడు లీటర్లన్నమాట. చక్కెర రోజుకు 25 గ్రాములు మించకూడదు. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే ఆ కోటా టీలతోనే దాటిపోతుంది, స్వీట్లు, కూల్‌డ్రింకులు ఇంకా మొదలే కాలేదు. సరుకుల చీటీ చేతిలో పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే, రక్తపరీక్ష కన్నా ముందే ఆ ఇంటి ఆరోగ్యం ఎటు పోతోందో కొంత తెలిసిపోతుంది.

దీర్ఘకాలిక జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు మాట ఎప్పుడూ మనిషి పట్టుదల మీదికే పోతుంది. నోరు కట్టుకోలేదు, బద్ధకించాడు, వాకింగ్ మానేశాడు అంటారు. పట్టుదల మీద ఆధారపడిన అలవాటు పెళ్లిళ్ల ముహూర్తాలు వచ్చేదాకా నిలుస్తుంది, లేదా ఆఫీసులో పని ఎక్కువయ్యేదాకా. ఇంట్లో ఏ సరుకు ఎంత వస్తోంది, ఏ గరిటెతో వడ్డిస్తున్నారు, కుర్చీలోంచి లేవాల్సిన అవసరం రోజుకు ఎన్నిసార్లు పడుతోంది, రాత్రి ఎన్నింటికి దీపం ఆరుతోంది అన్నవి మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోకపోయినా రోజూ పనిచేస్తూనే ఉంటాయి. నివారణలో ఎక్కువ భాగం ఈ ఏర్పాట్లలోనే ఉంది. మనిషిని తిట్టడం కన్నా ఏర్పాటు మార్చడం తేలిక కూడా.

ఎందుకింత పట్టించుకోవాలో చెప్పే అంకెలు ఉన్నాయి. 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారని అంచనా వేసింది. రక్తపోటు పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి ఉంది. ఈ రెండు జబ్బులూ చాలా ఏళ్లు నొప్పి లేకుండా, సెలవు పెట్టించకుండా నడుస్తాయి. తలనొప్పి వస్తే బీపీ, మూత్రానికి చీమలు పడితే షుగర్ అని అనుకుంటూ ఆ గుర్తుల కోసం ఎదురుచూసేవాళ్లు గుండె, మూత్రపిండాలు, కళ్లు దెబ్బతిన్నాక గానీ ఆసుపత్రికి రారు.

ఒడ్డూ పొడుగూ చూసి భరోసా పడటం కూడా మనకు పనికిరాదు. బరువు మామూలుగానే ఉండి, చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, పొట్ట చుట్టూ మాత్రం కొవ్వు పేరుకునే తీరు దక్షిణాసియా వాళ్లలో ఎక్కువ. అందుకే మన దగ్గర బరువు హద్దులు పాశ్చాత్యుల కన్నా తక్కువగా పెట్టారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. టైలరు టేపు బొడ్డు దగ్గర చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూసుకోవాలి. ప్యాంటు సైజు నమ్మదగిన కొలత కాదు, దాన్ని పొట్ట కిందికి కట్టుకుంటారు కాబట్టి.

ఉప్పు, చెమట, ఎండు చేప

ఉప్పు తగ్గించమంటే విశాఖలో మొదట వచ్చే మాట చెమట. ఉక్కపోత ఊరు, చెమటలో ఉప్పంతా పోతుంది కదా అంటారు. ఫ్యాన్ కిందో ఏసీలోనో పనిచేసే మనిషికి పోయే ఉప్పును మామూలు తిండే పూడ్చేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో ఎండలో బుట్టలు మోసేవాళ్లు, స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర నిలబడేవాళ్లు వేరు. వాళ్లకు ఉప్పు వేసిన మజ్జిగ నిజంగానే అవసరమయ్యే పూటలు ఉంటాయి. ఆ అవసరాన్ని చూపించి మిగతా ఊరంతా ఉప్పు తినడం సరికాదు.

ఎక్కువ ఉప్పు దాక్కునే చోట్లు మన తీరంలో తెలిసినవే. ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి దాదాపు సమపాళ్లలో పడతాయి. పప్పన్నంలో కాస్త, పెరుగన్నంలో కాస్త అంటూ రెండు పూటలా తిన్న ఊరగాయ కొలిచి చూస్తే రోజు కోటాలో పెద్ద వాటా అయిపోతుంది. ఇసుకలో ఆరబెట్టే నెత్తళ్లకు చాలావరకు ఉప్పు పట్టించరు. పెద్ద చేపను చీల్చి ఉప్పులో ఊరబెట్టినది వేరే సంగతి. దాన్ని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు రెండుసార్లు పారబోసి వండటం పాతవాళ్లు చేసే పనే, మానకూడదు. పులుసులో మళ్లీ విడిగా ఉప్పు వేయకపోతే ఇంకా మంచిది.

తగ్గించడానికి పట్టే ఓపిక ఎక్కువేం కాదు. ఉప్పు మెల్లగా తగ్గిస్తూ వస్తే నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాత పాత కూరే ఉప్పగా అనిపిస్తుంది. ఒక్క రోజులో సగానికి కోస్తే మాత్రం భోజనాల దగ్గర తగవే మిగులుతుంది. చేత్తో చిటికెలు విసిరే బదులు ఒకే చెంచా పెట్టుకోవడం, తినే చోట ఉప్పు డబ్బా లేకుండా చేయడం, నెలకు కిలో బదులు ముప్పావు కిలోకు, ఆపైన ఇంకా తక్కువకు దిగడం, ఇంతే చేయాల్సింది. పులుపు ఉన్న కూరకు ఉప్పు తక్కువే పడుతుంది. మామిడికాయ, చింతచిగురు, నిమ్మకాయ, గోంగూర పుష్కలంగా దొరికే చోట ఇది కష్టం కాకూడదు.

మరో దారి తక్కువ సోడియం ఉప్పు. సోడియం క్లోరైడులో పావు వంతు తీసేసి పొటాషియం క్లోరైడు కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21 వేల మందితో జరిపిన పరీక్షలో ఇలాంటి ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. ఇల్లాలు వంట తీరు మార్చకుండానే, ప్యాకెట్ మారితే చాలు, జబ్బు తగ్గిందంటే ఏర్పాటుకున్న బలం ఏమిటో తెలుస్తుంది. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, పొటాషియం పెంచే కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి ఈ ఉప్పు ప్రమాదం. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం ఉన్న ఉత్తరాంధ్రలో ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరును అడిగాకే ఆ ప్యాకెట్ ఇంటికి తేవాలి.

నాలుగు సార్లు అన్నం

మన భోజనంలో కూర ఎంత తినాలో నిర్ణయించేది అన్నం. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, చివర పెరుగన్నం. ప్రతి వాయికీ మళ్లీ అన్నం పడాల్సిందే, పళ్లెంలో పులుసు మిగిలితే దాన్ని కలపడానికి ఇంకో గరిటె పడుతుంది. తినేవాళ్లకు నాలుగు రకాలు తిన్నామనిపిస్తుంది. పొట్టలోకి వెళ్లినది ఎక్కువగా ఒకటే రకం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే.

మన దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఇండియాబ్ బృందం 2025లో ప్రచురించిన ఆహార విశ్లేషణ చెప్పింది. మాంసకృత్తుల వాటా అందులో అయిదో వంతు కూడా లేదు. 21 దేశాల్లో జరిగిన మరో అధ్యయనం 2020లో తెల్లన్నం ఎక్కువ తినేవారికి మధుమేహం ముప్పు ఎక్కువని గమనించింది, ఆ ముప్పు దక్షిణాసియాలోనే అన్నిటికన్నా గట్టిగా కనిపించింది. దీనర్థం అన్నం విషమని కాదు. తాతల కాలంలో ఇంతకన్నా ఎక్కువే తిన్నారన్న మాటా నిజమే. వాళ్లు ఆ బియ్యం పండించడానికి నాగలి పట్టారు, నాట్లు వేశారు, కోత కోశారు, కావిడి మోశారు. తిండి అలాగే ఉండి పని మాయమైంది.

ఇక్కడ చోళ్ల ప్రస్తావన వస్తుంది. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్లంటారు. చోడి అంబలి తాగి పొలానికి పోవడం ఇక్కడి పాత అలవాటు. అరకు, పాడేరు కొండల్లో సామలు, చోళ్లు ఇప్పటికీ పండిస్తారు. కాల్షియం, పీచు విషయంలో చోళ్లు తెల్ల బియ్యం కన్నా ఎంతో మేలు. అయితే ఈ మధ్య చిరుధాన్యమంటే ఎంత తిన్నా పరవాలేదన్న నమ్మకం ఊరంతా పాకింది. మెత్తగా పట్టించిన చోడి పిండితో కాచిన జావ రక్తంలో గ్లూకోజును త్వరగానే పెంచుతుంది. 2025 విశ్లేషణ కూడా ఇదే వైపు చూపింది. తెల్లన్నం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థాల వాటాలో కొంత తగ్గించి ఆ చోట పప్పులో, పాలో, గుడ్డో, చేపో పెట్టినప్పుడే తగ్గుదల కనిపించింది. చోళ్లు సంకటిగా, గింజ కాస్త బరకగా ఉన్న రొట్టెగా, కూర ఎక్కువ పెట్టుకుని తినాలి. డబ్బాలో అమ్మే తీపి మాల్ట్ పొడికి చోడి పేరు పెట్టినంత మాత్రాన అది చోడి కాదు.

అన్నం తగ్గించమని చెప్పడం తేలిక, ఆ ఖాళీని ఏం పూడుస్తుందో చెప్పకపోతే ఆ సలహా వారంలో వీగిపోతుంది. విశాఖలో ఈ ప్రశ్నకు చవకైన జవాబులున్నాయి. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు వంజరం ధరలో చిన్న వాటాకే దొరుకుతాయి. గుండెకు మేలు చేసే కొవ్వు కవళ్లలో బాగా ఉంటుంది. వేపుడు కాకుండా పులుసు పెడితే ఆ మేలు నిలుస్తుంది. చేప దొరకని వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, గుడ్లు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు ఉన్నాయి. పొద్దున టిఫిన్లలో పెసరట్టుకు సాటి వచ్చేది లేదు, పొట్టుతో రుబ్బిన పెసలు కాబట్టి. దాని మధ్యలో ఉప్మా పెట్టి మడిచిన క్షణం నుంచి మళ్లీ పిండి తిండే. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతు బజార్లలో ఆకుకూరలు, బీర, ఆనప, చిక్కుడు ధరలు చాలా నెలలు మధ్య తరగతికి అందుబాటులోనే ఉంటాయి.

తినే వరుస మార్చినా ఫలితం ఉంది. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని అన్నం చివర తింటే, అదే భోజనానికి గ్లూకోజు తక్కువ ఎత్తుకు లేస్తుందని పరీక్షల్లో తేలింది. మన ఇళ్లలో అది ఇలా కుదురుతుంది: పళ్లెంలో మొదట ఒట్టి కూర, దోసకాయ ముక్కలు, గుడ్డు పెట్టుకుని నాలుగు ముద్దలంత తినాలి, ఆ తర్వాతే అన్నం గిన్నె రావాలి. అన్నం గరిటె చిన్నది, కూర గరిటె పెద్దది పెట్టుకుంటే కొలతలు గుర్తుంచుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి ఎక్కువగా ఎవరూ రాయరు. చాలా ఇళ్లలో వండిన మనిషి చివర తింటుంది. అప్పటికి కూర అడుగంటుతుంది, చేప ముక్కలు అయిపోతాయి, మిగిలేది అన్నం, చారు, ఆవకాయ. పారేయడం ఇష్టంలేక ఆ మిగిలిన అన్నం కూడా ఆమే తినేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే వంట అయినా, పిండిపదార్థం, ఉప్పు ఎక్కువగా, మాంసకృత్తులు తక్కువగా దొరికేది ఆమెకే. భర్తకు షుగర్ వచ్చిందని ఇంట్లో అన్నం తగ్గించిన చోట కూడా ఈ లెక్క మారడం లేదు. అందరూ ఒకేసారి కూర్చుని తినడం, లేదా వండగానే ఆమె వాటా కూర, గుడ్డు విడిగా తీసి పెట్టడం వైద్యం లాంటిదే. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క మాట అంటే చాలు.

సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో దొరికే తిండిని ఒకే గాటన కట్టి తిట్టనవసరం లేదు. కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉల్లిపాయ, వేరుశనగ దండిగా కలిపిన మురీ మిక్చర్ వారానికోసారి తింటే వచ్చే నష్టం పెద్దది కాదు. మరిగి నల్లబడిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేసే బజ్జీలు, పునుగులు, రోజూ చేతిలో ఉండే కూల్‌డ్రింకు, వీటి సంగతే చూడాలి. పావు లీటరు కోలా సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది.

డ్రైవరు, కండక్టరు

1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కోస్తాడు. ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే జీతం, ఒకే ఊరు. గుండె జబ్బు మాత్రం కండక్టర్లకు తక్కువ, వచ్చినా అంత తీవ్రంగా లేదు. తర్వాత మోరిసే యూనిఫాం కొలతలు చూసి, డ్రైవర్ల నడుములు ముందునుంచే పెద్దవని కూడా చెప్పాడు. తన లెక్కకు అడ్డు వచ్చే విషయాన్ని తానే బయటపెట్టిన నిజాయితీ అది. ఆ తర్వాత దశాబ్దాలపాటు వచ్చిన అధ్యయనాలు మూల విషయాన్ని బలపరిచాయి. కండక్టరు వ్యాయామం చేయలేదు, అతని పనిలోనే కదలిక ఉంది.

విశాఖ భూగోళం కూడా ఇలాంటిదే. ఆరిలోవ, హనుమంతవాక వైపు కొండవాలు ఇళ్లలో ఉండేవాళ్లు పాల ప్యాకెట్‌కు కూడా మెట్లు దిగి ఎక్కాలి. సీతమ్మధారలో లిఫ్టున్న ఫ్లాటు కొనుక్కున్న కుటుంబం ఆ మెట్లను డబ్బిచ్చి వదిలించుకుంది. రుషికొండ ఐటీ కొండ మీద కుర్చీలో తొమ్మిది గంటలు, దారిలో కారులో గంటన్నర, ఇంట్లో సోఫాలో రెండు గంటలు. ఇలాంటి రోజుకు పొద్దున 40 నిమిషాల బీచ్ నడక చేర్చితే తప్పకుండా మంచిదే. మిగతా పన్నెండు గంటల నిశ్చలత మాత్రం అలాగే ఉంది.

బీచ్ రోడ్డు ఈ ఊరికి దొరికిన అదృష్టం. ఉదయం పూట కాసేపు వాహనాలు ఆపేయడం వల్ల కాళీమాత గుడి దగ్గర, సబ్‌మెరైన్ మ్యూజియం ముందు వందల మంది నిర్భయంగా నడుస్తారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవం నాడు ఇదే తీరం వెంబడి భోగాపురం దాకా లక్షల మంది ఆసనాలు వేశారు. గాజువాక, గోపాలపట్నం, కంచరపాలెంలో ఉండేవాళ్లకు మాత్రం ఆ తీరం రోజూ అందేది కాదు. వాళ్ల వీధిలో నడవదగిన ఫుట్‌పాత్ ఉందా, దాని మీద బైకులు ఆపకుండా ఉంటున్నారా, చీకటి పడ్డాక ఆడవాళ్లు నడిచేంత వెలుతురు ఉందా అన్న ప్రశ్నలే వాళ్ల షుగర్‌ను నిర్ణయిస్తాయి. కార్పొరేటర్‌ను ఇవి అడగడం కూడా ఆరోగ్యపు అలవాట్లలో ఒకటిగా చూడాలి.

ఎంత నడవాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జవాబు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. ఎప్పుడు నడవాలన్నది మనలో అంతగా ఆలోచించని ప్రశ్న. భోజనం అయిన కాసేపటికి పది పదిహేను నిమిషాలు నడిస్తే, అప్పుడే రక్తంలోకి వస్తున్న గ్లూకోజును కాళ్ల కండరాలు లాగేసుకుంటాయి. రాత్రి భోజనం పెద్దదిగా తినే మన ఇళ్లలో, తిన్న వెంటనే టీవీ ముందుకు కాకుండా అపార్టుమెంటు చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టడం వల్ల వచ్చే లాభం పొద్దుటి నడకకు తీసిపోదు. ఆఫీసులో అరగంటకోసారి రెండు నిమిషాలు లేవడానికి నీళ్ల సీసా చిన్నది పెట్టుకోవడం చాలు, నింపుకోవడానికైనా లేవాలి.

కండరాల సంగతి నడకతో పూర్తి కాదు. నలభై దాటాక కండ కరుగుతూ వస్తుంది, దానితో గ్లూకోజు దాచుకునే చోటూ తగ్గుతుంది. వారానికి రెండు రోజులు బరువు మీద పని ఉండాలి. జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, రైతు బజారు సంచీ రెండు చేతులకూ సమానంగా పంచి మోయడం, కైలాసగిరి మెట్లెక్కడం, ఏదైనా సరే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు ఒక్క రాత్రిలో నడిచి, మిగతా ఏడాదంతా లిఫ్టు ఎక్కే కాళ్లకు ఆ ఒక్క రాత్రి నొప్పులే మిగులుతాయి. రెండు నెలల ముందునుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఆ మొక్కే మంచి వ్యాయామ ప్రణాళిక అవుతుంది.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా? చెన్నైలో 531 మందితో జరిగిన భారత మధుమేహ నివారణ పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లంతా జబ్బుకు ముందు దశలో ఉన్నవారే. మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకున్న వారిలో 39.3 శాతం మందికి వచ్చింది. విశేషమేమంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. త్రాసు మీద ముల్లు కదలడం లేదని నడక మానేసేవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పి తీరాలి. అలాగే రెండో వైపు కూడా చూడాలి: అన్నీ మార్చుకున్నా ప్రతి అయిదుగురిలో ఇద్దరికి జబ్బు వచ్చింది. అలవాట్లు ముప్పును తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. జబ్బు వచ్చిన మనిషిని చూసి ఏదో తప్పు చేసే ఉంటాడనుకోవడం అన్యాయం.

పొగ, నిద్ర, మందు

పొగాకు విషయంలో ఈ తీరానికి సొంత చరిత్ర ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉండేది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది. మిగతా చోట్ల అరుదైన అంగిటి క్యాన్సర్ ఇక్కడ ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవారితో ఇంటింటికీ వెళ్లి మాట్లాడుతూ చేసిన ప్రయత్నంలో, మానేసినవారు పెరిగారు, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. మాట చెబితే మనుషులు వినరన్నది నిజం కాదని చెప్పడానికి మన పొరుగు జిల్లాయే సాక్ష్యం. ఇవాళ చుట్ట తగ్గి ఖైనీ, గుట్కా, సిగరెట్ వచ్చాయి. మానేసిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు పొగతాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. సాయం కావాలంటే 1800 112 356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మద్యానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. గుండెకు మంచిదన్న పాత మాట వదిలేయాలి.

నిద్ర గురించి ఈ ఊరికి ప్రత్యేకంగా మాట్లాడాలి. స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ, ఆసుపత్రులు, కాల్ సెంటర్లు, అన్నీ రాత్రి నడిచేవే. రాత్రి వేళ శరీరం గ్లూకోజును సరిగా వాడుకోలేదు, అదే బిర్యానీ మధ్యాహ్నం కన్నా రాత్రి రెండింటికి ఎక్కువ హాని చేస్తుంది. నైట్ షిఫ్ట్ తప్పించుకోలేనివాళ్లు పెద్ద భోజనం డ్యూటీకి ముందే ముగించి, నడిరాత్రి గుడ్డు, శనగలు, మజ్జిగ లాంటివాటితో సరిపెట్టుకోవడం మేలు. పొద్దున ఇంటికి వచ్చాక గదికి మందపాటి కర్టెన్లు, ఆ నాలుగైదు గంటలు ఇంట్లో మిక్సీ, టీవీ ఆపే ఒప్పందం కావాలి. షిఫ్ట్ మనిషి నిద్ర కుటుంబం చేతిలో ఉంటుంది.

అలవాట్లకు అందనివి

ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు మూత్రపిండాల జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి షుగర్ లేదు, బీపీ తర్వాతే వచ్చింది. కారణం ఇంకా తేలలేదు. ఏళ్ల తరబడి వాళ్లు డయాలసిస్ కోసం విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ దాకా వచ్చారు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 చివరలో గానీ మొదలవలేదు. వాళ్లకు వాకింగ్ చేయమని చెప్పడం వైద్యం కాదు. అలాగే పోర్టు పరిసరాల్లో బొగ్గు ధూళి పీల్చే వన్‌టౌన్ ఇళ్లకు అల్లం కషాయం జవాబు కాదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విశాఖ ఉంది. ఆ ధూళిని ఆపాల్సింది సంస్థలు, ప్రభుత్వం.

మూత్రపిండాల మాట వచ్చింది కాబట్టి ఒక అలవాటును మాత్రం గట్టిగా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఈ హాని ఇంకా త్వరగా జరుగుతుంది. మరోవైపు జీవితాంతం వేసుకోవాల్సిన బీపీ మాత్రను, అంకె మామూలుకు రాగానే ఆపేస్తారు. అంకె మామూలుగా ఉన్నది ఆ మాత్ర వల్లే.

పరీక్షలకు సాకు లేదు. 30 ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమం కింద పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే ముందు దశ. అలవాట్లు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇక్కడే, మందుల షాపు కన్నా ముందు సరుకుల కొట్టు దగ్గర ఆగాల్సిన సమయం. 126, ఆపైన ఉంటే మళ్లీ ఒకసారి చూసి నిర్ధారిస్తారు. ఇంట్లో తల్లికో తండ్రికో షుగర్ ఉన్నవాళ్లు 30 దాకా కూడా ఆగకూడదు.

బీపీ ఇంట్లో చూసుకునేవాళ్లు పద్ధతి పాటించాలి. అరగంట ముందునుంచి టీ, సిగరెట్ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి చూడాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూస్తే వచ్చే అంకెతో బెంగే మిగులుతుంది. వారం పాటు పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూసి, తేదీతో రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, వాడుతున్న మందుల చీటీలన్నీ, నాటు మందులతో సహా, ఒకే సంచీలో పట్టుకెళ్లాలి.